పాత పికప్‌కి ఇంజన్ పని పడితే: బాగుచేయించాలా, మార్చేయాలా?

పాత పికప్ ఇంజన్ మొరాయించగానే వినిపించే మొదటి సలహా ‘ఇంజన్ మార్చేయండి, పీడా పోతుంది’ అని. రెండోది దానికి పూర్తిగా ఎదురు: ‘పాత ఇంజన్ల గట్టితనం కొత్తవాటికి ఎక్కడిది, ఉన్నదాన్నే విప్పి చేయిస్తే ఇంకో పదేళ్లు లాగుతుంది’. ఒక్కో బండి విషయంలో ఒక్కోటి నిజం. కాకపోతే ఈ రెండు సలహాలూ సాధారణంగా బానెట్ ఎత్తకముందే వచ్చేస్తాయి.

పైగా ఇంజన్ మార్చడం అన్నప్పుడు రెండు వేరువేరు పనులు కలిసిపోతుంటాయి. అదే మోడల్ ఇంజన్ ఇంకొకటి తెచ్చి అదే చోట కూర్చోబెట్టడం ఒకటి. వేరే కంపెనీదో, వేరే సైజుదో, పెట్రోలు బదులు డీజిలో తెచ్చి ఆ బండిలో ఇమిడ్చడం ఇంకొకటి. మొదటిది ఎంత పెద్ద పనైనా మరమ్మతే. మౌంటింగులు, పైపులు, వైర్లు అన్నీ ఎక్కడివక్కడే కలుస్తాయి. రెండోదానిలో బండిని సగం మళ్లీ డిజైన్ చేయాల్సి వస్తుంది. ఈ తేడా తెలియకుండా వేసిన లెక్క ఏదైనా తప్పే అవుతుంది.

చాలా బండ్లకు సరిపోయే క్రమం ఒకటుంది. లోపం సిలిండర్ హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) దగ్గరో, దానికి పైనో ఉంటే బాగుచేయించాలి. బోర్ (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ), క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) దాకా దిగితే పూర్తి ఓవర్‌హాలో, అంటే ఇంజన్ మొత్తం విప్పి చేయించడమో, అదే రకం ఇంకో ఇంజనో చూడాలి. వేరే రకం ఇంజన్ జోలికి వెళ్లాల్సింది రెండే సందర్భాల్లో: బండితో చేయించుకునే పని మారినప్పుడు, లేదా పాత ఇంజన్‌కి స్పేర్ పార్టులు దొరకడం మానేసినప్పుడు. అయితే వీటన్నిటికన్నా ముందు తేలాల్సిన సంగతి ఇంజన్‌కి సంబంధించినదే కాదు.

ముందు ఛాసిస్ సంగతి

చెడిన ఇంజన్‌కి బదులు ఇంకొకటి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఛాసిస్‌ని తుప్పు తినేస్తే మాత్రం ఆ బండి మీద పెట్టే ఖర్చంతా వృథాయే. అందుకని బానెట్ ఎత్తే ముందు బండి కిందకి దూరాలి. వెనక యాక్సిల్ మీదుగా ఫ్రేమ్ వంపు తిరిగే చోటు, కమాన్ కట్టలు పట్టి ఉంచే బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే మౌంటింగులు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు దిగే చోటు ముఖ్యంగా చూడాలి. సుత్తితో తట్టితే మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసి ఉంటే డొల్ల చప్పుడొస్తుంది, ఒక్కోసారి పెచ్చు ఊడి కిందపడుతుంది. స్క్రూడ్రైవర్ మొన దిగబడిందంటే ఇక వేరే పరీక్షతో పనిలేదు.

నాలుగు పక్కలా మూసి ఉండే పెట్టె ఆకారపు ఫ్రేముల్లో బురద, నీరు లోపలే నిలిచిపోతాయి. తుప్పు లోపలి నుంచి మొదలై చివరికి బయటపడుతుంది. అప్పటిదాకా పైన నల్ల రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పాత బండికి కొత్తగా పూసిన అండర్‌కోటింగ్ కనిపిస్తే అనుమానం పెరగాలే గానీ తగ్గకూడదు. పేరున్న కంపెనీలకూ ఈ బాధ తప్పలేదు: అమెరికాలో టకోమా, టండ్రా లాంటి బండ్ల ఫ్రేములు తుప్పు పడుతున్నాయన్న దావాలో టొయోటా 2016లో రాజీకి వచ్చి, ఫ్రేములను తనిఖీ చేసి అవసరమైనవి మార్చి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ బండ్ల ఇంజన్లకు మంచి పేరే ఉండేది.

ఫ్రేమ్ పోయిందని తేలితే ఇంజన్ గురించిన చర్చ అక్కడితో ఆగిపోవాలి. అలాంటి బండిలో ఇంజన్ బాగుంటే ఇంకో బండికి పనికొస్తుంది, అంతే.

చెడింది నిజంగా ఇంజనేనా?

అసలు డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఇంజన్ చచ్చిపోయిందని తీర్పు ఇవ్వడానికి చప్పుడు, పొగ, వేడి, పుల్లింగ్ లేకపోవడం అన్న నాలుగు లక్షణాలు చూపిస్తారు. ఆ నాలుగూ ఇంజన్ లోపల ఏ లోపమూ లేకుండా కూడా రావచ్చు.

కింద నుంచి ధనధనమని కొట్టుకునే చప్పుడు వినగానే బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటి బేరింగ్) పోయిందనేస్తారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ బోల్టులు వదులైనా, దాన్ని పట్టి ఉంచే ఫ్లెక్స్ ప్లేట్ పగిలినా దాదాపు అదే చప్పుడొస్తుంది. డీజిల్ బండిలో ఒక ఇంజెక్టర్ సరిగా పిచికారీ చేయకపోయినా ఆ సిలిండర్ సుత్తితో కొట్టినట్టే మోగుతుంది. 2004లో ఫోర్డ్ ఎఫ్-150కి వచ్చిన 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజన్‌లో క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాలు) అరిగితే వేడెక్కాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కటకటమంటాయి. ఆ చప్పుడుకి క్రాంక్ బేరింగ్‌తో సంబంధం లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గ్యాస్ కారితే వచ్చే టిక్‌టిక్‌ని టప్పెట్ చప్పుడనుకోవడం మరీ మామూలు.

చప్పుడు చేస్తున్నది ఏ సిలిండరో పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో సిలిండర్‌కీ ప్లగ్ మంట ఆపాలి. డీజిల్ అయితే ఇంజెక్టర్ ఆపాలి. ఒక సిలిండర్ ఆపినప్పుడు చప్పుడు బాగా తగ్గినా, తీరు మారినా లోపం ఆ రాడ్ దగ్గరో, పిస్టన్ దగ్గరో ఉన్నట్టు. ఏది ఆపినా చప్పుడు అలాగే ఉంటే వెతకాల్సింది ఇంకెక్కడో.

ఆయిల్ ప్రెషర్ లైటు వెలగగానే ఇంజన్ దించేయకూడదు. లైటును వెలిగించేది ఒక చిన్న సెన్సర్. దాన్ని విప్పి ఆ రంధ్రంలో మామూలు ముల్లు గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడాలి. పాత తరం ఇంజన్లకు ప్రతి 1,000 ఆర్‌పీఎంకీ (నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. అసలు అంకె ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. పుల్లింగ్ లేదంటే ముందు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో, ఫ్యూయల్ పంప్ ప్రెషర్ చాలడం లేదేమో చూడాలి. వేడెక్కుతోందంటే రేడియేటర్, ఫ్యాన్ క్లచ్, థర్మోస్టాట్ చూడాలి. ఆయిల్ తాగుతోందంటే ముందు పీసీవీ వాల్వ్ తీసి చూడాలి. అది మూసుకుపోతే ఆయిల్ ఆవిరి పోయే దారి లేక సీళ్లను తోసుకుని బయటికొస్తుంది. ఇది కొన్ని నిమిషాల పని. దీన్ని చూడకుండా పిస్టన్ రింగులు మార్పించుకున్న బండ్లు లేకపోలేదు.

పొగ కాస్త నిజాయితీగానే చెబుతుంది. చాలాసేపు ఆగిన బండి స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే నీలం పొగ వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు. తియ్యటి వాసనతో తెల్లగా వచ్చి, ఇంజన్ వేడెక్కినా ఆగకపోతే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మండుతోంది. నల్ల పొగ ఎక్కువసార్లు ఇంధనం లెక్క తప్పడం వల్లే వస్తుంది. దానికి ఇంజన్ దించక్కర్లేదు.

ఈ అనుమానాలన్నీ వడకట్టాక చేయాల్సింది కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నలుగుతోందో కొలవడం. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, ఇగ్నిషన్, ఇంధనం రెండూ ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. తర్వాత ఒక్కో సిలిండర్‌కీ స్టార్టర్‌తో అయిదారు చుట్లు తిప్పి గేజ్ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి వెళ్లక అన్ని అంకెలూ తక్కువే చూపిస్తాయి. మంచి ఇంజన్‌కి ఈ ఒక్క పొరపాటుతోనే చావు రాసేయొచ్చు.

వరసగా ఆరు సిలిండర్లున్న ఒక పెట్రోలు ఇంజన్‌లో 150, 155, 95, 90, 152, 148 పీఎస్ఐ వచ్చాయనుకుందాం. బాగా ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం అతి తక్కువ అంకె అతి ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకూడదు. 155లో 75 శాతం అంటే 116. కాబట్టి మూడు, నాలుగు సిలిండర్లు ఫెయిల్. కానీ ఆ రెండూ పక్కపక్కనే ఉండటం, రెండూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర పడిపోవడం చూస్తే, వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే పలక) కాలిపోయిందన్న అనుమానమే బలంగా నిలుస్తుంది. అదే అయితే హెడ్ ఎత్తి గ్యాస్కెట్ మార్చితే చాలు, ఇంజన్ మార్చే పనిలేదు.

ఇంకో ఇంజన్‌లో 125, 120, 118, 122, 115, 120 వచ్చాయనుకుందాం. నిష్పత్తి ప్రకారం ఇది సులువుగా పాసవుతుంది. మాన్యువల్‌లో 170 ఉండాలని ఉంటే మాత్రం సంగతి వేరు: అన్ని బోర్లూ సమానంగా అరిగి ఉండాలి, లేదా వాల్వులను సరైన సమయానికి తెరిపించే టైమింగ్ చైన్ ఒక పన్ను జారి ఉండాలి. ఏదన్నది తేల్చడానికి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ గేజ్ పెడతారు. అంకె బాగా పెరిగితే రింగుల సందుల్లోంచి గాలి పోతోందని అర్థం. పెరగకపోతే వాల్వులు, గ్యాస్కెట్, టైమింగ్ చూడాలి. డీజిల్ ఇంజన్‌లో మాత్రం ఈ ఆయిల్ పరీక్ష చేయకూడదు. అక్కడ పిస్టన్ పైన మిగిలే జాగా చాలా తక్కువ. ఆయిల్ నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదముంది.

గాలి ఎటు పోతోందో ఇంకా కచ్చితంగా తెలియాలంటే లీక్‌డౌన్ టెస్ట్ చేయించాలి. పిస్టన్ పై కొసన ఉండగా సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టి వినడమే. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెటో పగులో. నష్టం 10 శాతం లోపుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, 20 దాటితే పని పడినట్టు.

చివరగా చూడాల్సింది వాడేసిన ఆయిల్ ఫిల్టర్. దాన్ని కోసి, లోపలి మడతల కాగితం పరిచి వెలుతురులో చూడాలి. నల్లటి మసి మామూలే. అయస్కాంతానికి అంటుకునే రజను ఉంటే ఉక్కు భాగాలు అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అంటకుండా రాగి రంగులోనో, వెండి రంగులోనో తళతళలాడే పొట్టు కనిపిస్తే అది చాలావరకు బేరింగుల పై పూత. ఫిల్టర్‌లో అది కనిపించిన ఇంజన్‌కి హెడ్ పని చేయించడం దండగ.

హెడ్ దగ్గర ఆగిందా, క్రాంక్ దాకా దిగిందా

ఈ పరీక్షలు చేయడమంతా ఆ ప్రశ్న తేల్చడానికే. హెడ్ గ్యాస్కెట్, కాలిన వాల్వులు, వాల్వ్ గైడ్లు, సీళ్లు, క్యామ్ షాఫ్ట్, టైమింగ్ చైన్ లేదా బెల్ట్, వాటర్ పంప్, టర్బో, ఇంజెక్టర్లు ఇవన్నీ ఇంజన్ బండిలో ఉండగానే చేయగల పనులు. ఖర్చు ముందే ఇంచుమించుగా చెప్పొచ్చు, ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పొచ్చు. కింది భాగం అలా కాదు. విప్పి కొలిస్తే తప్ప బోర్ ఎంత అరిగిందో, క్రాంక్ జర్నల్స్ (బేరింగులు కూర్చునే నున్నటి చోట్లు) మీద గీతలు ఎంత లోతో తెలియదు. బోర్ చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్లు వేయాలి, క్రాంక్ అరగదీయించి ఆ మేరకు తక్కువ సైజు బేరింగులు వేయాలి. ఇంతకుముందే ఎవరో ఆఖరి సైజుదాకా బోర్ చేయించి ఉంటే, ఇక మిగిలిన దారి బోర్‌లో లైనర్ అనే కొత్త గొట్టం దించడమో, వేరే బ్లాక్ వెతకడమో.

హెడ్ లోపం నిర్లక్ష్యం చేస్తే క్రాంక్ దాకా పాకుతుంది. దీనికి టొయోటా 22ఆర్‌ఈ మంచి ఉదాహరణ. 1980లలో, 90ల మొదట్లో హైలక్స్ తరహా పికప్‌లకు వచ్చిన ఈ 2.4 లీటర్ల ఇంజన్‌కి మొండిదని పేరు. దాని బలహీనత టైమింగ్ చైన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు. అవి విరిగితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమని చప్పుడొస్తుంది. అలాగే నడిపితే వదులైన చైన్ టైమింగ్ కవర్‌ని రాసుకుంటూ, కోస్తూ, చివరికి కూలెంట్ పారే గది దాకా చేరుతుంది. కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే కనిపిస్తుంది. గలగల దశలో అది చైన్, గైడ్ల పని. కవర్ కోసిన రోజే ఆపితే చైన్‌తో పాటు కవర్ కూడా. ఆ కలిసిన ఆయిల్‌తోనే ఇంకొన్నాళ్లు తిప్పితే బేరింగులు పోయి, ఇంజన్ మార్చాల్సిన పనిగా మారుతుంది.

బాగా వేడెక్కి ఆగిపోయిన ఇంజన్‌తోనూ ఇదే చిక్కు. ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్లు చాలా ఉన్నాయి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ముందు వంగేది హెడ్. దాని మీద నిటారైన స్కేల్ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే వంపు ఎంతో తెలుస్తుంది. చాలా ఇంజన్లకు అనుమతించే వంపు ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. స్కిమ్మింగ్ చేయించి, అంటే హెడ్ ముఖాన్ని పలచగా కోసి చదును చేయించి, పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయిస్తే హెడ్ మళ్లీ పనికొస్తుంది. బ్లాక్ పై ముఖం కూడా కొలవకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మాత్రం అది మళ్లీ కాలుతుంది. రెండోసారి గ్యాస్కెట్ కాలిందంటే లోపం గ్యాస్కెట్‌ది కాదు.

సరే, కింది భాగమే పోయింది. ఓవర్‌హాల్ చేయించాలా, అదే రకం సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయాలా? ఇక్కడ తేల్చేది డబ్బు కన్నా దగ్గర్లో ఉన్న లేత్ పని నాణ్యత. కొలతలు రాసి ఇచ్చే మెషిన్ షాపు అందుబాటులో ఉంటే ఓవర్‌హాల్ చేయించడమే మంచిది. ఏ భాగం కొత్తదో, ఏది పాతదో తెలిసి ఉంటుంది కాబట్టి. ‘చేయి తిరిగినవాడు, కొలతలతో పనేముంది’ అనేచోట చేయించే ఓవర్‌హాల్ కన్నా మంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ నయం. సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న అంకె నమ్మదగ్గది కాదు. దాని కంప్రెషన్ నమ్మొచ్చు, వాల్వ్ కవర్ కింద పేరుకున్న జిగట మసిని నమ్మొచ్చు. అది ఇంకా ఏదో బండిలోనే ఉండి, నడుస్తుండగా చూసే అవకాశం దొరికితే వదులుకోకూడదు.

ఏ ఇంజన్ వేసినా, అది బయట ఉండగానే చేయాల్సిన పనులు కొన్నున్నాయి. వెనక వైపు క్రాంక్ ఆయిల్ సీల్, క్లచ్ ప్లేట్, మౌంటింగ్ రబ్బర్లు, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్. అన్నిటికన్నా ముఖ్యమైనది, తరచూ మర్చిపోయేది ఆయిల్ కూలర్. బేరింగులు పోయిన పాత ఇంజన్ వదిలిన లోహపు రజను కూలర్ సన్నటి దారుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. దాన్నే కొత్త ఇంజన్‌కి తగిలిస్తే ఆ రజను నేరుగా కొత్త బేరింగులకు చేరుతుంది. కూలర్ మార్చడమే దారి.

వేరే ఇంజన్ పెట్టాలన్న ఆశ

ఇది ఎక్కువసార్లు లెక్కలోంచి పుట్టదు, మోజులోంచి పుడుతుంది. అందులో తప్పేమీ లేదు గానీ, మోజును పొదుపు అని పిలుచుకుంటేనే చిక్కు. పాత ఇంజన్ చేయించే ఖర్చుతోనే రెట్టింపు బలం వస్తుందన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ లెక్కలో ఇంజన్ ధర మాత్రమే ఉంటుంది.

అలాగని ఇలా వేరే ఇంజన్ పెట్టే స్వాపులన్నీ పిచ్చి పనులు కావు. కొన్ని జతలు బాగా కుదురుతాయి, వాటిని ఎంతోమంది చేసి దారి వేశారు. టొయోటా పికప్‌లకు 1988 నుంచి వచ్చిన 3.0 లీటర్ల వీ6, అంటే 3వీజెడ్-ఈ, హెడ్ గ్యాస్కెట్ల విషయంలో చెడ్డపేరు తెచ్చుకుంది. దాని చోట అదే కుటుంబానికి చెందిన 3.4 లీటర్ల 5వీజెడ్-ఎఫ్‌ఈ పెట్టడం చాలామంది చేసిన పని. ఒకే కుటుంబం కాబట్టి గేర్‌బాక్స్‌తో కలవడం, మౌంటింగులు కుదరడం పెద్ద సమస్య కాదు. అలాగే జనరల్ మోటార్స్ 1997లో కార్వెట్‌తో మొదలుపెట్టిన ఎల్ఎస్ కుటుంబం. 1999 నుంచి దాని 4.8, 5.3, 6.0 లీటర్ల రకాలు పికప్‌లలో భారీ సంఖ్యలో వచ్చాయి కాబట్టి పాత బండ్ల యార్డుల్లో తేలిగ్గా దొరుకుతాయి, ఎడాప్టర్లూ రెడీమేడ్‌గా దొరుకుతాయి. అయినా పాత షెవర్లే గేర్‌బాక్స్‌తో బిగించబోతే ఒక చిక్కు ఎదురవుతుంది: చాలా ఎల్ఎస్ ఇంజన్లలో క్రాంక్ చివరి అంచు పాత ఇంజన్ కన్నా దాదాపు 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. దానికి స్పేసర్ వేయకుండా బిగిస్తే టార్క్ కన్వర్టర్ సరిగా కూర్చోదు. బాగా తెలిసిన జతలోనే ఇలాంటివి ఉన్నాయంటే, ఎవరూ చేయని జతలో ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

డీజిల్ మోజు సంగతి ఇంకా స్పష్టంగా అంకెల్లో చూడొచ్చు. డాడ్జ్ పికప్‌లకు 1989లో వచ్చిన 5.9 లీటర్ల కమ్మిన్స్ ఆరు సిలిండర్ల ఇంజన్ చాలామంది కల. బరువు సుమారు అర టన్ను. మామూలు ఇనుప వీ8 కన్నా 200 కిలోలకు పైగా ఎక్కువ, అదంతా ముందు యాక్సిల్ మీదే. కాబట్టి ముందు స్ప్రింగులు, బ్రేకులు మార్చాలి. తర్వాత వేగం సంగతి. ఆ ఇంజన్‌ని గవర్నర్ (చుట్లు మితిమీరకుండా చూసే భాగం) 2,500–2,700 ఆర్‌పీఎం దగ్గర ఆపేస్తుంది. పెట్రోలు ఇంజన్ కోసం ఇచ్చిన 4.10 నిష్పత్తి యాక్సిల్‌తో, 76 సెంటీమీటర్ల వ్యాసమున్న టైర్లతో, టాప్ గేర్ నేరు నిష్పత్తిలో (ఇంజన్ ఒక చుట్టుకి షాఫ్ట్ ఒక చుట్టు) ఉంటే గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ దాదాపు 2,860 చుట్లు తిరగాలి. అంటే ఆ బండి ఆ వేగాన్ని అసలు అందుకోదు. కాబట్టి యాక్సిల్ నిష్పత్తి మార్చాలి, లేదా ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజన్ తక్కువ చుట్లు తిరిగేలా చేసే గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేయాలి. పాత గేర్‌బాక్స్ ఆ టార్క్‌ని తట్టుకోదు కాబట్టి దాన్ని ఎలాగూ మార్చాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బ్యాలెన్స్ చేయించాలి. ఒక ఇంజన్ మారిస్తే బండి ఈ చివర నుంచి ఆ చివరిదాకా మారిపోతోంది.

నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ముందు యాక్సిల్ డిఫరెన్షియల్‌కి తగలొచ్చు. కార్బ్యురేటర్ బండిలో ఫ్యూయల్ పంప్ 4 నుంచి 7 పీఎస్ఐ ఇస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్‌కి 40 నుంచి 60 కావాలి. అంటే కొత్త పంప్, కొత్త పైపులు, వెనక్కి వచ్చే లైను, ఒక్కోసారి ట్యాంకే మార్చాలి. రేడియేటర్, సైలెన్సర్ గొట్టాలు, క్లచ్ లైన్లు, మీటర్లు, ఏసీ పైపులు ఒక్కొక్కటీ చిన్న ఖర్చే, అన్నీ కలిపితే ఇంజన్ ధరను సులువుగా దాటిపోతాయి.

అన్నిటికన్నా సతాయించేది వైరింగ్. యాక్సిలరేటర్ తీగ లాగితే పనిచేసే తరం బండిలో ఇది కాస్త సులువు: కొత్త ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), దాని హార్నెస్ (వైర్ల కట్ట) విడిగా పెట్టి నాలుగు వైర్లు కలిపితే నడుస్తుంది. తర్వాతి తరం బండ్లలో ఇంజన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, మీటర్లు, సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వాటిలో కొత్త ఇంజన్‌ని గుర్తుపట్టనిది ఒక్కటున్నా బండి స్టార్ట్ కాదు, లేదా అయినా లైట్లన్నీ వెలుగుతూ సగం బలంతో నడుస్తుంది. స్వాప్ సగంలో ఆగిపోయి అమ్మకానికి వచ్చే బండ్లు చాలావరకు ఇంజన్ బిగించేసినవే. ఆగేది వైర్ల దగ్గర.

చట్టం సంగతి ముందే చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజన్ నంబర్, ఇంధనం రకం రాసే చోట మార్పు నమోదు చేయించకపోతే అమ్మడమూ కష్టం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమూ కష్టం. పొగ నిబంధనలు ఇంకో మెట్టు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో పెట్టే ఇంజన్ బండి తయారైన ఏడాదిదో, అంతకన్నా కొత్తదో అయ్యుండాలి, దానితో పాటు వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి. ఇంజన్ కొన్నాక ఇలాంటివి తెలుసుకోవడం చాలా ఖరీదైన పాఠం.

దేంతో పోల్చాలి?

‘బండి విలువకన్నా ఖర్చు ఎక్కువైతే చేయించొద్దు’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. తేలిగ్గా చెప్పగలిగే మాటే గానీ, పోలిక తప్పు. ఇంజన్ చెడిన బండి విలువ ఎలాగూ పాతాళంలోనే ఉంటుంది. పోల్చాల్సింది అదే పని చేసిపెట్టే, అంతే నమ్మకమున్న ఇంకో బండిని తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చుతో. సెకండ్ హ్యాండ్‌లో కొనే ఇంకో పికప్ ఇంజన్ ఎలాంటిదో కూడా తెలియదు కదా. సొంత బండిలో ఏ భాగం ఎప్పుడు మార్చారో తెలిసి ఉండటం కూడా ఒక విలువే, దాన్ని లెక్కలో వేసుకోవాలి. పోయినేడు గేర్‌బాక్స్‌కి పెట్టిన ఖర్చుని మాత్రం వేసుకోకూడదు. ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఆ గేర్‌బాక్స్ ఇంకెన్నేళ్లు పనిచేస్తుందన్నదే ఇప్పుడు లెక్కకొచ్చేది.

బండి ఎన్నాళ్లు ఆగగలదన్నది ఇంకో ప్రశ్న. దాని మీద రోజువారీ సంపాదన ఆధారపడి ఉంటే, సిద్ధంగా ఉన్న అదే రకం ఇంజన్ తేవడం ఓవర్‌హాల్ కన్నా ఖరీదైనా లాభమే కావచ్చు. వేరే రకం ఇంజన్ పెట్టే పని మాత్రం, బండి నెలల తరబడి షెడ్డులో ఉన్నా ఇబ్బంది లేనివాళ్లకే.

మూడో దారి ఒకటుంది, దాని గురించి మెకానిక్ ఎప్పుడూ చెప్పడు: ప్రస్తుతానికి ఏమీ చేయించకపోవడం. కంప్రెషన్ సమానంగా కాస్త తగ్గి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త నీలం పొగ వదులుతూ, ఆయిల్ తాగే ఇంజన్ ఏళ్ల తరబడి నడవగలదు. దాదాపు 1,600 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ తాగడాన్ని కొన్ని కంపెనీలే పాత రోజుల్లో లోపంగా లెక్కపెట్టలేదు. కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో ఆ ఆయిల్ మెల్లగా దాన్ని పాడుచేస్తుంది, పొగ పరీక్షలో ఫెయిలయ్యే అవకాశమూ ఉంది. ఈ రెండూ అడ్డు రాకపోతే సీట్ వెనక ఆయిల్ డబ్బా పెట్టుకుని, వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ, ఈలోపు మంచి ఇంజన్ తీరిగ్గా వెతుక్కోవచ్చు. వేడి ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, డిప్‌స్టిక్ మీద లేత గోధుమ రంగు నురగ కనిపించినా, బయట కారకుండానే కూలెంట్ తగ్గుతున్నా మాత్రం ఆ వెసులుబాటు లేదు. బండి అక్కడే ఆపి, లాగించుకుని తీసుకెళ్లాలి.